గీత పడని ముఖం

మా ఊరి బస్టాపు పక్కన, వడ్ల మిల్లు గోడకు కట్టిన ఫ్లెక్సీ మా బాపును దొంగ అన్నది. పేరు రాయలేదు. రాయాల్సిన పని లేదు. ఆ ఊళ్లో దొర అంటే మా ఇల్లొక్కటే. దొర కొడుకుల్లో బాక్సింగ్ ఆడింది నన్ను కన్న బాపు ఒక్కడే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, దసరా దగ్గర పడిన రోజుల్లో దాన్ని నేను మొదట ఫోనులో చూశాను. మా మేనల్లుడు ఫోటో తీసి పంపాడు, కింద నవ్వుతున్న బొమ్మ పెట్టి. వాడికది నవ్వులాట. ఫ్లెక్సీ నిండా ఒక ముసలాయన పిడికిళ్లు ముఖం ముందు పెట్టుకుని నిలబడ్డాడు. తెల్ల మీసాలు, భుజం మీద తువ్వాల. పైన పెద్ద అక్షరాల్లో, మన ఊరి అసలు చాంపియన్ అని. కింద ఎర్ర అక్షరాల్లో, దొర జులుం చేసి గుంజుకున్న కప్పు ఈయనదే అని. ఇంకా కింద అందరికీ దసరా శుభాకాంక్షలు.

ఆ ముసలాయన నాకు తెలుసు. మా ఊరి సుంకరి కొడుకు. సుంకరి అంటే పాత రోజుల్లో ఊరికి కావలి కాసి, కబుర్లు మోసి, దొర ఉండే గడీలోంచి కేక వినపడితే తింటున్న అన్నం వదిలి పరుగెత్తాల్సిన మనిషి. మా బాపు హైదరాబాదులో చదువుకోవడానికి వెళ్లినప్పుడు వంట చేసిపెట్టడానికి, పెట్టె మోయడానికి ఆ సుంకరి కొడుకును వెంట పంపారు. దొరబిడ్డలు పట్నం పోతే పనివాళ్ల ఇళ్లలోంచి ఒకడిని తోడిచ్చి పంపడం అప్పటి పద్ధతి. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బరువు. పట్నంలో ఇద్దరూ బాక్సింగ్ నేర్చుకున్నారు, ఒక ఏడు చాంపియన్‌షిప్ ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, బాపు గెలిచాడు. మా ఇంట్లో తెలిసిన కథ ఇంతే.

మా ఇంటి గురించి ఎవరేమన్నా నేను నోరెత్తను. మా తాత వెట్టి చేయించుకున్నాడు, నిజం. గడీ ముందు జనం చెప్పులు చేత పట్టుకుని నడిచారు, అదీ నిజం. సంఘంవాళ్లు దొరల మీద తిరగబడిన రోజుల్లో పట్నం పారిపోయి, అంతా సద్దుమణిగాక తిరిగొచ్చి, అదే కుర్చీలో అట్లాగే కూర్చున్నాడు. తర్వాత భూములు సీలింగులో కొన్ని, అన్నదమ్ముల కోర్టు కేసుల్లో కొన్ని పోయాయి. గడీ దూలాలు ఎవరో విప్పుకుపోయారు. పోవాల్సినవే పోయాయనుకున్నాను. నేను నల్లగొండలో, పానగల్ రోడ్డులో కిరాయి ఇంట్లో ఉంటూ ఒక ఆఫీసులో గుమస్తాగా బతికాను. ఎవరి ముందూ చేయి చాచలేదు, ఎవరి ముందూ నడుము వంచలేదు.

ఆ నడుము వంగకుండా నిలబెట్టింది ఆ కప్పే. మా వంశంలో ఎవరి దగ్గరా గుంజుకోని వస్తువు అదొక్కటి. ఎదుటివాడూ తనంత బరువే ఉండగా, గంట కొట్టాక మొదలుపెట్టి, గంట కొట్టగానే ఆపి, ఒక మనిషి ఒంటిచేత్తో గెలిచి తెచ్చిన వస్తువు. మిగతా అంతా మీరు తీసుకోండి, దొంగలమనండి, రాక్షసులమనండి, మా ఇంటి శిథిలాల్లో సినిమాలు తీసుకోండి. దాన్ని మాత్రం ముట్టుకోకండి అన్నట్టుండేది నాకు.

దాన్నే ముట్టుకున్నారు. మా దాయాదులు కొందరు కొత్త రాష్ట్రంలో కొత్త కండువాలు వేసుకుని మళ్లీ నాయకులయ్యారు. వాళ్ల ఫ్లెక్సీలు మండలమంతా ఉన్నాయి, వాటికి ఈ జనమే దండలు వేస్తారు. పోయిన దొరతనానికి శిక్ష మాత్రం ఏమీ మిగలని మా ఇంటికి. చచ్చిపోయిన డ్రిల్లు సారుకు.

అవును, డ్రిల్లు సారు. మా బాపు చాంపియన్ అయ్యాక ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోలేదు. కొన్నాళ్లకే కప్పు ఇంట్లో పడేసి బొంబాయి వెళ్లిపోయాడు. అక్కడ ఒక మిల్లులో గుమస్తా పని, సాయంత్రాలు బాక్సింగ్. చాలా ఆటలు ఓడిపోయాడు. చివరికి ఓడల మీద పనిచేసే ఒక మనిషి ఆయన ముక్కు విరగ్గొట్టాడు. ఆ వంకర ముక్కుతో ఊరికి వస్తే తాత కుర్చీలోంచి లేచి, “ఎవడు వాడు? ఏ ఊరు?” అని అడిగాడట, మనుషులను పంపడానికి. “వాని ఊరు మన కిందికి రాదు బాపూ” అని మా బాపు పగలబడి నవ్వాడట. మా అవ్వ, బాపు తల్లి, ఈ మాట చెప్పినప్పుడల్లా కళ్లు తుడుచుకునేది. దొరల ఇంట్లో మగవాళ్ల ముఖం మీద పరాయి చెయ్యి పడిందంటే అది మంగలి చెయ్యే. అట్లాంటి ఇంట్లో ఒకడు ముక్కు విరగ్గొట్టించుకుని వచ్చి నవ్వడమేమిటో అవ్వకు చచ్చేదాకా అర్థం కాలేదు. తర్వాత బాపు పాలమూరులో కొన్నాళ్లు, నల్లగొండలో మిగతా కాలమంతా బడిపిల్లలకు డ్రిల్లు చెప్పాడు. గోనెసంచిలో ఊక కుక్కి వేపకొమ్మకు వేలాడదీసి, సాయంత్రాలు పిల్లలకు గుద్దడం నేర్పేవాడు. రాష్ట్రం చూడకుండానే పోయాడు.

గెలిచిన రోజు తీసిన ఫోటో మా ముందు గదిలో ఉండేది. ఒక చేతిలో కప్పు, ఇంకో చేయి నడుము మీద. ముఖం మీద ఒక్క గీత లేదు. పెదవి చిట్లలేదు, కంటి కింద కమలలేదు. పెళ్లి మాటలకు పంపడానికి తీయించుకున్న ఫోటోలాగా ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా చిన్నప్పటి నుంచి నేనే చూపించేవాణ్ణి. ఫైనల్ ఆడి వచ్చిన ముఖం ఇది, ముట్టుకోనివ్వలేదు, చూడండి అనేవాణ్ణి. బాపు మాత్రం దాని వైపు చూసేవాడు కాదు. అది ఆయన వినయం అనుకున్నాను. కప్పు తెచ్చిన తర్వాత చాలా రోజులు పక్కకు ఒత్తిగిలి పడుకోలేకపోయాడనీ, డొక్కలకు తానే ఉప్పు కాపడం పెట్టాననీ అవ్వ చెప్పేది. దాన్ని కూడా నేను గొప్పగానే చెప్పుకునేవాణ్ణి. అంత నొప్పిలో గెలిచాడని.

మేనల్లుడు ఫోటో పంపిన మర్నాడే బాపు ఫోటోను గోడ మీంచి దించి, తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాను. సూర్యాపేటలో బస్సు మారి, తిరుమలగిరి దాటి, మా ఊళ్లో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ఫ్లెక్సీ ఫోనులో కంటే పెద్దదిగా ఉంది. ముసలాయన పిడికిళ్లు ఒక్కొక్కటి నా తలకాయంత ఉన్నాయి. చాయ్ హోటలు ముందు కూర్చున్నవాళ్లు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు.

“ఎవరు కట్టించిండ్రు దీన్ని?” అని అడిగాను.

చాయ్ పోసేవాడు గరిటెతో చూపించాడు. “వార్డు మెంబరు. అగో, ఆ కుట్టుమిషను కాడ కూసున్నది. ఆయన మనుమరాలే.”

మిల్లును ఆనుకుని చిన్న దర్జీ కొట్టు. ముప్పై ఏళ్ల మనిషి, మెడలో టేపు, నోట్లో గుండుసూది. నన్ను చూసి సూది తీసి జాకెట్టు గుడ్డకు గుచ్చింది. లేవలేదు.

“నేనే కట్టించిన సారు. ఏం, తప్పు రాసిన్నా?”

సారు అనే మాటను ఆమె కొంచెం వత్తి పలికింది. దొర అననని నాకు తెలియాలని.

“జులుం చేసిండ్రని ఎవరు చెప్పిండ్రు నీకు?”

“ఊరంత చెప్తది. చిన్నప్పటిసంది ఇంటున్న.”

“మీ తాత చెప్పిండా?”

మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. “మా తాత ఏం చెప్పడు. అడిగితె లేసిపోతడు. మీ గడీ అంటె ఇంకా భయమైతాంది కావచ్చు.”

“గడీ ఎక్కడున్నది? దాంట్ల మేకలు కట్టేస్తున్నరు.”

“మేకలకేం ఎరుక సారు, అది గడీ అని.”

చాయ్ హోటలు ముందున్నవాళ్లు గొల్లున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. తువ్వాల చుట్టిన ఫోటోను చంకలో బిగించి పట్టుకున్నాను.

“నా దగ్గర సాక్ష్యమున్నది,” అన్నాను. “మీ తాత ముందటనే తేలుద్దాం. మా ఇంటోళ్లు జులుం చేసి గెలిచిండ్రని ఆయన నోటితోని అంటె, గీ బస్టాపు కాడనే అందరి ముందట తప్పయిందని చెప్త. చెయ్యలేదంటె దీన్ని నువ్వే నీ చేతులతోని ఇప్పాలె.”

“ఇప్పుత. పా సారు.” కత్తెరను కొంగులో చెక్కుకుని ముందు నడిచింది.

ఆమె తాత ఇల్లు ఊరి చివర, రేకుల ఇల్లు. ముందర చిన్న పందిరి కింద నులక మంచం మీద కూర్చుని కాళ్లకు ఏదో నూనె రుద్దుకుంటున్నాడు. తిరుమలగిరి మార్కెట్లో మోకాళ్లు అరిగేదాకా మూటలు మోశాడు. ఎనభై దగ్గర పడినా భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. నన్ను చూడగానే లేచాడు. లేస్తూనే భుజం మీది తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు.

“దొరా, మీరెందుకొచ్చిండ్రు ఎండల? కబురు పెడ్తె నేనే వస్తుంటి గద.”

మనుమరాలు లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చున్నాను. “నువ్వు గూడ కూసో తాతా,” అంది. ఆయన కూర్చోలేదు.

“ఊర్ల ఫ్లెక్సీ సూసినవా?” అని అడిగాను.

“కండ్లు మంచిగ అవుపడ్తలేవు దొరా. నా ఫోటో పెట్టిందట.”

“నీ ఫోటో ఒక్కటే కాదు. మా ఇంటోళ్లు జులుం చేసి నీ కప్పు గుంజుకున్నరని రాసింది.” తువ్వాల విప్పి ఫోటో ఆయన చేతికిచ్చాను. “జర మంచిగ సూడు. ముఖం మీద ఒక్క గీత ఉన్నదా? ఇది గుంజుకున్నోని ముఖమా? నిన్ను ముట్టుకోనియ్యకుంట ఆడి గెలిచిండు. నీ మనుమరాలికి చెప్పు.”

ఆయన ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తువ్వాలతో అద్దం తుడిచాడు. మళ్లీ చూశాడు. ఆయన నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. చప్పుడు లేని నవ్వు, కడుపు మాత్రం కదులుతోంది.

“గీత ఎందుకుంటది దొరా?” అన్నాడు. “నేను ముఖం జోలికే పోలేదు గద.”

“అంటే?”

ఆయన మనుమరాలి వైపు ఒకసారి చూసి, నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. పట్నంలో, బాపు సాయంత్రం బాక్సింగుకు పోతే ఈయన గ్లౌజులు మోసుకుంటూ వెంట పోయేవాడు. బాపు గుద్దడానికి దిండు పట్టుకునేవాడు. దిండు పట్టుకున్నవాడు కదిలే తీరు చూసి నేర్పే మాస్టరు ఒక రోజు ఈయన చేతులకే గ్లౌజులు కట్టాడు. తర్వాత ఇద్దరి పేర్లూ పోటీకి రాశాడు. ఇద్దరూ ఒక్కొక్కరిని కొట్టుకుంటూ పోయి ఫైనలుకు వచ్చారు.

“ఫైనలు రేపనంగ ఇద్దరం ఒక్క గిన్నెల తిన్నం. మీ నాయిన నన్ను ఆడించుకుంటుండె. నీ పండ్లన్ని ఏరుకోవాలె రేపు అంటుండె. ఏరేది మీరు, రాలగొట్టేది నేను అంటుంటి నేను. గప్పుడు మా నాయిన ఒచ్చిండు.”

“సుంకరా?”

“ఆఁ. పట్నమెప్పుడు సూడనోడు, అడుక్కుంట అడుక్కుంట ఒచ్చిండు. నీ కొడుకు దొరబిడ్డను కొట్టవోతుండని ఎవడో చెప్పిండట. నన్ను బయటికి పిలిచి రెండు చేతులు పట్టుకున్నడు. ముఖం మీద కొట్టకు బిడ్డా, దొర ముఖం మీద చెయ్యేస్తె మనం ఊర్ల బతుకుతమా అన్నడు. ఇది ఆట నాయినా, కొట్టుకుంటనే ఆడుతరు అని చెప్పిన. ఆట నీకు, ఊరు నాకు అన్నడు.”

నేను వచ్చిన పని ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది, అది అడిగాను. “మా తాత పంపిండా ఆయన్ను?”

“పెద్దదొరనా? పెద్దదొరకు ఎరుకనే లేదు. కొడుకు బాక్సింగ్ ఆడుతుండని గూడ అప్పటికి ఎరుక లేదు.” ఆయన మొదటిసారి తలెత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి. “గదే దొరా నా మంట. పెద్దదొర కబురు పెట్టి, కొట్టకురా అంటె, సంపినా సరే అని కొట్టేటోన్ని. జులుం చేస్తె తిరగవడొచ్చు. ఎవ్వడు అనలే. ఎవ్వడు బెదిరియ్యలే. మా నాయిన నా చేతులు పట్టుకుని బతిమాలిండు. మా నాయిన మీద ఏం తిరగవడ్త?”

“అంటె నువ్వే కొట్టలేదా?” మనుమరాలి గొంతు పలచబడి వచ్చింది. “కొట్టనియ్యలే అంటె ఒక తీరు. నువ్వే చేతులు దించుకున్నవంటె ఏంది తాతా ఇది? ఊరంత దొర జులుం అంటుంటె ఇన్నేండ్లు ఊకున్నవ్! నేను అందరి ముందట అట్లనే చెప్పుకుంట తిరిగిన!”

“ఏమని చెప్పాలె బిడ్డా? మా నాయిన భయపడ్డడు, నేను భయపడ్డ అని చెప్పాల్నా? నువ్వు పిడికిళ్లు పెట్టుమంటివి, పెట్టిన. ఫోటో తీస్తివి.”

ఆమె పందిరి గుంజకు ఆనుకుని అటు తిరిగింది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. అంతకు ముందు చాయ్ హోటలు దగ్గర నన్ను నవ్వులపాలు చేసిన మనిషి. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోంచీ ఒకే వస్తువు జారిపోయింది.

తర్వాత ఆయన చెప్పింది వినాలని నాకు లేదు. లేచి పోవాలనిపించింది. కానీ ఆయన నిలబడి చెబుతున్నాడు, నేను కూర్చుని వింటున్నాను.

“డొక్కలే కొట్టిన. శాన కొట్టిన, దాంట్ల మాత్రం తక్కువ చెయ్యలే. ముఖం ఇడిసిపెట్టిన. మీ నాయినకు రెండో రౌండుల ఎరుకైంది. చేతులు దించేసిండు. ముఖం ఇట్ల ముందుకు పెట్టిండు.” ఆయన ఫోటోను మంచం మీద వేసి, తువ్వాల చంకలో పెట్టుకుని, చేతులు కిందికి వేలాడేసి, గడ్డం ముందుకు చాచి చూపించాడు. ఆ ముసలి ముఖంలో ఒక్క క్షణం మా బాపు కనిపించాడు. “కొట్టురా అన్నడు. జనం సీటీలు కొట్టిండ్రు, ఏం ధైర్యమున్నది వీనికి అని. నేను కొట్టలే. ఆఖరి గంట కొట్టంగనే ఆయన చెయ్యి లేపిండ్రు. ఆయన ఏడుస్తుండె. సంతోషం పట్టలేక ఏడుస్తుండు అనుకున్నరు అందరు.”

పాయింట్లు లెక్కేసిన పెద్దమనుషులు ఆ ముఖాన్ని చూసే గెలుపు ఇచ్చి ఉంటారు. గీత పడని ముఖం. ఇన్నేళ్లు నేను చేసిన పనే వాళ్లూ చేశారు.

బాపు బొంబాయి ఎందుకు పోయాడో అప్పుడు తెలిసింది. మా ఇంటిపేరు వింటే ఎవరి చెయ్యీ వణకని చోటు కోసం పోయాడు. సుంకరి కొడుకు ఎక్కడికి పోతాడు? దొరబిడ్డ చదువు అయిపోగానే ఆయన్ను ఊరికి పిలిపించారు. మళ్లీ ఎప్పుడూ గ్లౌజులు తొడగలేదు. ఊళ్లో అంతా ఈయన్ను మూటలు మోసే మనిషిగానే చూశారు, ఈయన రింగులో ఎట్లా కదిలేవాడో చూసిన కన్ను మా ఊళ్లో ఒక్కటి లేదు, మా బాపుది తప్ప.

“ఓ రోజు మార్కెట్ల మూటలు దించుతున్న,” అన్నాడాయన. “మీ నాయిన ఒచ్చిండు. ముక్కు ఇట్ల వంకర. నన్ను సూసుడే నవ్వుడు. అరేయ్, సూడు, ఒకడు కొట్టిండు అన్నడు. కప్పు గూడ సంచిల తెచ్చిండు. కొట్టని ఆటకు నాకు కప్పేంది అని నేను తీసుకోలే. నీదొక్కటి బాకీ ఉన్నదిరా అన్నడు. గప్పటిసంది ప్రతి దసరాకు ఒచ్చెటోడు. జమ్మి ఆకు నా చేతుల పెట్టి, ముఖం ముందుకు పెట్టి నిలవడెటోడు. నేను గుండెకు అత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటి. ఇద్దరం నవ్వుకుంటుంటిమి.”

దసరా నాడు మధ్యాహ్నం భోజనం కాగానే బాపు ఎక్కడికి పోయేవాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే జమ్మికి అనేవాడు. నల్లగొండలో జమ్మి దొరకదా అని మా అమ్మ కోప్పడేది.

“ఒక్కసారన్న కొట్టినవా?” అని అడిగాను. ఆ జవాబు అవును అని రావాలని నేను కోరుకున్నంతగా నా జీవితంలో ఇంకేదీ కోరుకోలేదు.

“లేదు దొరా. చెయ్యి లేవలే.”

దొరా. అది వినగానే నాలో ఏదో తెగిపోయింది. ఎవరి మీద కోపమో ముందే తెలిసి ఉంటే మనిషి దాన్ని పట్టుకుని నిలబడగలడు. మా తాత మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన ఈ పాపం చేయనే లేదు. వేలు కదపలేదు, నోరు మెదపలేదు, గడీలో కుర్చీ మీద నిద్రపోతూ కొడుకును గెలిపించాడు, కొడుకును ఓడించాడు. ఇద్దరు మగపిల్లల వయసును ఒక్క దెబ్బకు తిన్నాడు, తిన్నట్టు కూడా ఆయనకు తెలియదు. ఆ సుంకరి మీద కోపం తెచ్చుకుందామంటే చేతులు పట్టుకుని బతిమాలిన తండ్రి. ఇక బాపు. ప్రతి దసరాకు ఇంత దూరం వచ్చి ఈయన ముందు ముఖం పెట్టి నిలబడ్డాడు గానీ, ఇంట్లో కొడుకు ఆ ఫోటో చూపించి గొప్పలు చెబుతుంటే ఒక్కనాడు నోరు విప్పలేదు. ఎందుకు చెప్పలేదు బాపూ? నాకు చెబితే నీ వంకర ముక్కు ఫోటోనే గోడకు తగిలించేవాణ్ణి కదా! నేను నిటారుగా నడిచింది దేని మీద ఆనుకుని?

నా ఎదురుగా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. అరిగిన మోకాళ్ల మీద బరువు అటూ ఇటూ మార్చుకుంటున్నాడు. తువ్వాల చేతిలో నలిగిపోతోంది.

“కూసో,” అన్నాను.

“పర్వాలేదు దొరా.”

“దొరా అనకు. కూసో.”

“మీ ముందట నేనెట్ల...”

“కూసోరా అంటున్న!”

పందిరి మీది కాకి లేచిపోయింది. ఆయన మోకాళ్లు కోసేసినట్టు మంచం మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం వచ్చాయి. పిడికిళ్లు కావు. అరచేతులు.

మనుమరాలు ఇటు తిరిగింది. నన్ను, ఆయన్ను, మళ్లీ నన్ను చూసింది. కేకలేస్తుందనుకున్నాను. చాలా నెమ్మదిగా అడిగింది.

“ఇప్పుడు చెప్పు సారు. ఫ్లెక్సీల ఏం రాయాలె?”

ఫోటో మంచం మీద పడి ఉంటే తీసుకున్నాను. ఆయనతో ఏదో ఒకటి అనాలని ఉంది. అనడానికి ఇందాక కేకేసిన ఆ గొంతు తప్ప నా దగ్గర ఇంకో గొంతు ఉన్నట్టు లేదు. బయటికి నడిచాను. ఆమె బస్టాపు దాకా నా వెనకే వచ్చింది.

మిల్లు గోడ దగ్గర ఆగి కొంగులోంచి కత్తెర తీసింది. చాయ్ హోటలువాళ్లు లేచి నిలబడ్డారు.

“జులుం చెయ్యలేదని మా తాత నోటితోనే అన్నడు,” అంది. “మాట మాటే. ఇప్పుతున్న.”

“కిందిది ఒక్కటే కొయ్యి,” అన్నాను. “ఎర్ర అక్షరాల కాడికి.”

“పైనది?”

“ఉండనియ్.”

“అసలు చాంపియన్ అన్నది గూడ ఉండాల్నా? ఆయన కొట్టలేదు గద సారు. మీ నాయినను ఎవ్వలు కొట్టలేదు. మరి చాంపియన్ ఎవలు?” ఆమె కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. నన్ను వెక్కిరించడానికి అడగలేదు. నిజంగా తెలియక అడిగింది, తెలియనందుకు మండిపడుతూ అడిగింది.

“ఉండనియ్ అన్నగద,” అన్నాను. ఈసారి మెల్లగానే అన్నాను. అంతకంటే నాకూ తెలియదు.

జాకెట్టు గుడ్డ కోసినట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకు నిదానంగా కోసింది. ఎర్ర అక్షరాల పట్టీ ఊడి మురికి కాలువ పక్కన పడింది. దసరా శుభాకాంక్షలు కూడా దాంతోనే పోయాయి. పైన ఆయన పిడికిళ్లు పెట్టుకుని నిలబడే ఉన్నాడు. చాయ్ పోసేవాడు, “ఏమైంది మెంబరు, రాజీ అయిండ్రా?” అని అరిచాడు. “నీ చాయ్ నువ్వు సూసుకో,” అంది ఆమె, వాడి వైపు చూడకుండానే.

ఆ ఫోటోను నేను మళ్లీ గోడకు తగిలించలేదు. దాని చోట బాపు వంకర ముక్కున్న ఫోటో పెడదామని ఇల్లంతా వెతికాను. పెళ్లి ఫోటో, మా ఇంటి శుభకార్యాల ఫోటోలు, బడిలో పిల్లలతో తీసినవి, రిటైరైన నాటిది, అన్నీ నేల మీద పరిచి చూశాను. ప్రతిదాంట్లోనూ బాపు పక్కకు తిరిగి ఉన్నాడు. ఫోటో తీసేటప్పుడల్లా మా అవ్వ ఆయన గడ్డం పట్టుకుని ముక్కు కనపడకుండా అటు తిప్పేది. అవ్వ పోయాక మా అమ్మ తిప్పింది. ఆయన నవ్వుతూ తిరిగేవాడు, అలవాటై బడి ఫోటోల్లోనూ అట్లాగే తిరిగాడు. ఆయన సంపాదించుకున్న ఒక్క దెబ్బ, మా ఇంట్లో ఒక్క ఫోటోలోనూ లేదు.